హన్మంతన్న సారథి కారు

వనపర్తిలో హన్మంతన్న కోతలు వినని వాళ్లు లేరు. ముప్పై ఆరేళ్లు సారథి కారు కిరాయికి తోలాడు. బండి తోలింది కొంత, దాని గురించి చెప్పింది కొండంత.

కానీ ఆ బుధవారం పొద్దున ఆయన కోతలకు ఓ పని పడింది. సారథి పేరు కొనుక్కున్న కొత్త కంపెనీ నుంచి భానుప్రకాశ్ అనే మేనేజరు హైదరాబాద్ నుంచి వచ్చి, జోగులమ్మ చాయ్ హోటల్ బెంచీ మీద మా పక్కన కూర్చున్నాడు. మూడు రోజుల కింద ఆయన ఫోనులో "సారథి కంపెనీ నుంచి" అనగానే, మూతబడ్డ పాత కంపెనీయే మళ్లీ లేచొచ్చి బండి బాగుచేసి తెచ్చిస్తుందనుకుని హన్మంతన్న "తీస్కపోండ్రి" అనేశాడు. తీరా చూస్తే వాళ్లకు కావలసింది షోరూం ముందర బొమ్మలా నిలబెట్టుకోవడానికి ఒక పాత బండి. తీసుకుపోతే తిరిగివ్వరు. ఎక్కించుకుపోయే లారీ అప్పటికే కొత్తకోట దాటిందట. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడం హన్మంతన్నకు చేతకాదు. ఆయనకు చేతనైంది ఒక్కటే, అదే మొదలుపెట్టాడు.

"కూసో బిడ్డా, లారీదేముంది, వస్తది. జోగులమ్మా, సాబ్‌కు ఇంకో చాయ్ పొయ్యి. మీరు పేరు కొన్నరు మంచిదే, గాని ఆ పేరు ఎట్లొచ్చిందో తెల్వాలె గద? ఓపారి మల్దకల్ తిమ్మప్ప జాతరకు తొమ్మిది మందిని ఎక్కించుకొని పోయిన."

"తొమ్మిది మందేనా? మా ఆటోల గూడ పడ్తరు" అంది జోగులమ్మ.

"ఆగు చెల్లే, తొమ్మిది మంది ముంగటి సీట్ల. ఎన్కాల పదమూడు మంది, డిక్కీల పల్లికాయ బస్తా, దానిమీద మొక్కుబడి గుండు చేయించనీకి తీస్కపోతున్న పిల్లగాడు. ఇగ నాకే జాగ లేకపాయె. ఏం జేసిన? డోరు బయట నిలబడి, కిటికీలకెంచి చెయ్యి పెట్టి స్టీరింగ్ తిప్పుకుంట పోయిన. స్టీఫెను అప్పుడు బస్సు కండక్టర్, కావాల్నంటే అడుగు."

నేను తలూపాను. ఆయన సాక్షికి పిలిచినప్పుడు తలూపడం ముప్పై ఏళ్ల అలవాటు.

"మరి బ్రేకు?" అన్నాడు భానుప్రకాశ్.

"మంచి సవాల్ అడిగినవ్. బ్రేకు మీద మా గోవిందును కూసోబెట్టిన. నేను 'గోవిందా' అంటే వాడు తొక్కాలె. పోతున్నది జాతరకాయె, ఎన్కాల పదమూడు మంది 'గోవిందా' అన్నప్పుడల్లా వాడు తొక్కబట్టె! గట్ల ఆగుకుంట ఆగుకుంట బీచుపల్లి దాటినమో లేదో, రేడియేటర్ పలిగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రేడియేటర్ కారితే చిటికెడు పసుపు ఏస్తరు, ఏ పాత డ్రైవర్ నడిగినా చెప్తడు, కారే కాడ గడ్డకట్టి ఆగుతది. బండ్ల ఒక అవ్వ దేవునికని రెండు కిలోల పసుపు తెస్తుండె. తొందర్ల మొత్తం గుమ్మరించిన. కారుడు ఆగింది, గాని సైలెన్సర్ల నుంచి పచ్చటి పొగ షురువాయె! ఎర్రవల్లి కాడ ఓ ఇంట్ల పెండ్లిపిల్లను చేస్తుండ్రు. పసుపు కలిపే పని లేకుండ నా పొగతోనే పిల్ల మొకం పచ్చగయ్యింది."

"పెండ్లికొడుకు సంగతేంది?" అన్నాను.

"వాడు అవతలి ఊర్ల ఉండె. గాలి అటు మళ్లింది, వాని పనీ అయిపాయె."

భానుప్రకాశ్ చాయ్ పొరబోయి దగ్గాడు. హన్మంతన్న రోడ్డు వైపు ఓ చూపు చూసి, ఇంకా లారీ లేదని తెలుసుకుని గొంతు పెంచాడు.

"ఈ సంగతి సారథి కంపెనీ పెట్టిన ముసలి సేటు చెవిల పడ్డది. హెలికాప్టర్ ఏస్కొని వచ్చి, ఇగో, ఇదే బెంచీ మీద కూసొని జొన్నరొట్టె పుంటికూర తిన్నడు."

"నా హోటల్ల రొట్టె ఎప్పుడు చేసిన్నే?"

"అప్పుడు మీ అత్త నడిపిస్తుండె, నువ్వు కాపురానికే రాలె. ఆ సేటు నా భుజం మీద చెయ్యేసి 'హన్మంతూ, బండ్ల ఏం మార్చాలె?' అన్నడు. 'సేటూ, ఒక్క బోల్టు ముట్టకు. నడిరోడ్డు మీద చెడిపోతే తెలకపల్లిల సైకిల్ పంచర్ ఏసేటోడు గూడ బాగుచేస్తుండు, గంతకన్న ఏం గావాలె' అన్న. నన్ను అడగకుండ బండ్ల ఏదీ మార్చొద్దని సేటు కాయితం రాసి పోయిండు. ఆయన సచ్చిపోయినంక కొడుకులు ఇంకో కంపెనీకి అమ్ముకున్నరు. దాన్ని ఇంకోటి మింగింది. ఫస్టు ఉక్కు బంపర్ తీసేసి ప్లాస్టిక్‌ది పెట్టిండ్రు. ఆడ పెట్టిన దినం ఈడ నా బండి బంపర్‌కు చెమట పట్టింది, గుడ్డతోని తుడ్సిన. తర్వాత రేకు పలచగ చేసిండ్రు. సీటు కింద స్ప్రింగులు తగ్గించిండ్రు. గట్ల చేస్తే మిగుల్తదని కోటు ఏస్కున్నోడెవడో చెప్పిండంట. వాడెన్నడన్న ఆ సీట్ల కూసున్నడా? కాన్పు నొప్పుల మనిషిని ఎన్కసీట్ల పండవెట్టి నాగర్‌కర్నూల్ దవాఖానకు ఉరికించిండా? ఆ స్ప్రింగుల మీద ఎంతమంది తల్లులు క్షేమంగ చేరిండ్రో వానికి తెల్వదు బిడ్డా."

ఆ ఒక్క మాటలో మాత్రం కోత లేదు. మా అమ్మాయి ఉమారాణి పుట్టిన రోజు మమ్మల్ని దవాఖానకు చేర్చింది ఆ బండే.

"ఆఖరికి కార్ఖానకు తాళం ఏసిండ్రు" అని హన్మంతన్న ముక్కు చీది మళ్లీ అందుకున్నాడు. "ఏసిండ్రు గాని నేనూకుంటనా? సక్కగ పోయి గేటు ముంగట నిలబెట్టి ఒక్క హారన్ కొట్టిన. లోపలి మిషన్లన్నీ వాటంతటవే తిరగబట్టె! పదకొండు కొత్త బండ్లు తయారై, డ్రైవర్లు లేకుండ గేటు దుంకి, బాతుపిల్లల లెక్క నా ఎన్కనే వనపర్తి దాక వచ్చినయ్."

"ఇప్పుడేడున్నయన్నా అవి?" అంది జోగులమ్మ.

"కొల్లాపూర్ మామిడితోటలల్ల తిరుగుతున్నయ్. కాయలు తిని బతుకుతున్నయ్. మనిషి అలికిడైతే దాసుకుంటయ్. ఇగ వీళ్ల కొత్త బండికేమో అన్నీ ఉన్నయంట, పానం ఒక్కటే లేదంట. అందుకే బిడ్డ నా ఇంజిన్ సప్పుడు పట్టుకపోనీకి వచ్చిండు. అవునా బిడ్డా?"

భానుప్రకాశ్ మంచివాడు, తల దించుకుని నెమ్మదిగా చెప్పాడు. "సప్పుడు కాదు పెద్దాయనా. షోరూంలో ఆయిల్ కారకూడదని ఇంజిన్ తీసేస్తాం. పైన బాడీ ఒక్కటే ఉంచుతాం."

జోగులమ్మ స్టవ్ తగ్గించింది.

"ఇంజిన్ తీసేస్తరా?" అని హన్మంతన్న ఒక్కసారే లేచి నిలబడ్డాడు. "ఏమనుకుంటున్నవ్ నా ఇంజినంటే? పోయిన ఐతారం ఇదే బండిల శ్రీశైలం పోయి వచ్చిన! నల్లమల ఘాట్ల మీ కొత్త బండ్లన్నీ పక్కకు జరిగి దండం పెట్టినయ్! చాయ్ పెట్టినప్పుడు పోయిన, పొంగేలోపు వచ్చిన! ఏం స్టీఫెనూ, నువ్వు గూడ ఉంటివి గద?"

"అయితే ఒక్కసారి స్టార్ట్ చేయండి. వీడియో తీసి మా సార్‌కు పంపుతా. నడిచే బండి అయితే ఇంజిన్ ముట్టొద్దని అడుగుతా" అన్నాడు భానుప్రకాశ్, జేబులోంచి ఫోన్ తీస్తూ.

హన్మంతన్న నా వైపు చూశాడు. దూరంగా లారీ మలుపు తిరుగుతోంది. ఈసారి తలూపితే పని జరగదని నాకు అర్థమైంది.

"బాబూ, ఆ బండి స్టార్ట్ గాక ఆరేండ్లు" అన్నాను. "పోయిన ఐతారం అది శ్రీశైలం పోలె. ఈ గల్లీ ఆ చివరి దాక పోయి వచ్చింది. నేను, గోవిందు, మా దోస్తు సుదర్శన్ ఎన్క నుంచి తోసినం. అన్న లోపల కూసొని స్టీరింగ్ తిప్పిండు, గేర్లు మార్చిండు. హారన్ పని చెయ్యదు, నోటితోనే కొట్టిండు. ప్రతి ఐతారం గింతే."

హన్మంతన్న బెంచీ మీద కూలబడి, తువ్వాలతో మొహం తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఆయన్ని నలుగురిలో అట్లా చేసినందుకు నాకే సిగ్గేసింది.

"మరి ఇంకెందుకు సార్ ఆ బండి? ఇచ్చేయమని మీరన్నా చెప్పండి" అన్నాడు భానుప్రకాశ్.

"ఇచ్చేస్తే ఐతారం మేం ముగ్గురం ఏం జెయ్యాలె బాబూ?" అన్నాను.

ఆ మేనేజరు నన్ను చూశాడు, హన్మంతన్నను చూశాడు. ఇంకేమీ అడగకుండా లారీ డ్రైవరుకు ఫోన్ చేసి, అటునుంచటే వాపస్ పొమ్మన్నాడు.

లారీ కనుమరుగయ్యే దాకా హన్మంతన్న ఊపిరి బిగబట్టుకున్నాడు. ఆ తర్వాత తువ్వాల భుజాన వేసుకుని, భానుప్రకాశ్ చెవి దగ్గరికి వంగి, నాకూ వినబడేంత గట్టిగా అన్నాడు:

"వీళ్లు తోస్తున్నమనుకుంటుండ్రు గాని బిడ్డా, ముసలోళ్లయ్యిండ్రు, మోకాళ్లు పోయినయ్. నా బండే వీళ్లను గుంజుకపోతున్నది."