చివర్న వెయ్యాల్సిన ఎరుపు

ఒహాయోలో ఆదివారం పొద్దున. కరెంటు గాడిలో తిన్నగా దూసుకుపోయే అరచేతంత డ్రాగ్ రేసు బొమ్మకారుకి భర్త నేలమాళిగలో రంగులు వేస్తుంటే, కాఫీ పట్టుకుని దిగింది ఆమె. రేసు మధ్యాహ్నమే.

“అదేంటి, అప్పుడే ఎరుపు కొట్టేశావు?”

“ఎర్రకారు ఎర్రగా ఉండక పచ్చగా ఉంటుందా?”

“మరి నంబరేది? మన పేర్లేవి?”

“ఇప్పుడు రాస్తాగా. నీకు తొందరెక్కువ.”

ఆమె కారుకి పైన తొడిగే ఆ పల్చటి ప్లాస్టిక్ పెంకుని పైకెత్తి చూసింది.

“గాజులాంటి పెంకయ్యా ఇది. రంగు లోపలివైపు నుంచి కదా వేసేది? ముందు అక్షరాలు, అన్నిటికన్నా చివర ఎరుపు. ఇప్పుడు రాస్తే ఎరుపు వెనకాల పడి బయటికి కనబడవు. రేసు క్లబ్బులో అందరికీ ఇది నేర్పిందే నువ్వు!”

“ఏదో పరధ్యానంలో ఉన్నానే. ఒక్కసారికే ఇంత రాద్ధాంతమా? సొరుగులో కొత్త పెంకుంది, తియ్యి.”

ఆమె సొరుగు లాగింది. లోపల నాలుగు పెంకులున్నాయి. నాలుగూ ఎర్రగానే ఉన్నాయి, ఒక్కదానికీ నంబరు లేదు.

“దొరికిందా?”

అతను కుంచెతోనే లేచొచ్చి, ఆమె భుజం మీదుగా తొంగిచూశాడు. ఒక పెంకు తీసి అటూ ఇటూ తిప్పాడు.

“ఇవి... ఎవరు చేశారే?”