పోటు మీద మీటరు

తుపాను లోపు ఊళ్లో ఇల్లు సర్దుకుని రావాలని ఎల్‌బీ నగర్‌లో బందరు బస్సు దగ్గర నిలబడ్డ అక్కకు, సాగనంపడానికి వచ్చిన తమ్ముడి మొహం చూస్తేనే ఒళ్లు మండుతోంది. వాడు ఉప్పెన హెచ్చరికలు రాసే ఆఫీసులో పనిచేస్తాడు. పోయినేటి ఉప్పెనలో ఆమె భర్త కొట్టుకుపోయాడు.

“మీటరు ఎత్తు వస్తుందని రాశారు. కరకట్ట రెండు మీటర్లుంది, దాటదులే అని మీ బావ ఇల్లు కదల్లేదు.”

“మీటరంటే సముద్రం పోటు మీద ఇంకో మీటరక్కా. పోటుకే కట్ట ముప్పాతిక మునుగుతుంది.”

“ఆ ముక్క రాయడానికి చేతులు రాలేదా?”

“సముద్రం చుట్టూ ఉన్న దేశాలన్నీ ఒకే పద్ధతిలో రాయాలి. ఇంటి దగ్గర ఎంత లోతో రాద్దామని మొన్న ఆ దేశాల మీటింగులో నేనే అడిగాను. అందరూ సరేనన్నారు.”

“మరి రేపొచ్చే తుపానుకి?”

“పాత పద్ధతే. కొత్తది వచ్చే ఏటి నుంచి.”

“వచ్చే ఏటికి ఊళ్లో ఎవరు మిగులుతార్రా?”

“అమ్మా, ఎక్కుతరా లేదా? జర జల్ది!” క్లీనర్ కేకేశాడు.

“ఆగు బాబూ! ఒరేయ్, రేపు మా నట్టింట్లో ఎంత లోతు? నోటితో చెప్పకూడదంటే చేత్తో చూపించు.”

తమ్ముడు తలదించుకుని, ఇంతవరకూ అన్నట్టు గుండెలకు అడ్డంగా చెయ్యి పెట్టాడు.

“కదలకు,” అంటూ ఆమె ఫోను తీసింది.

వాడు గాభరాగా మెళ్లోని ఆఫీసు కార్డు తీయబోయాడు. “అక్కా, ఉద్యోగం పోతుంది!”

“కార్డు ఉండనీ. అది కనబడితేనే జనం నమ్ముతారు.” ఆమె ఫొటో తీసి, ‘రేపు ఇళ్లలో నీళ్లు ఇంత’ అని రాసి, ఊరి గ్రూపులోకి పంపేసింది. “ఈ మాత్రం చూపించి ఉంటే మీ బావ కదిలేవాడురా.”