ఒళ్లో చెరువు

అమెరికాలోని కాస్కేడ్ కొండల మీద, పెట్రోలు బంకు రేకుల కింద రెండు బైకులు ఆగాయి. లోయలో ఎండ కాసింది, మలుపు తిరిగేసరికి వడగళ్లు పడ్డాయి, ఇప్పుడు జోరువాన. ముందు బైకు మీదొచ్చిన ఆవిడ దిగేసింది. వెనక బైకు కుర్రాడు మాత్రం కొత్త రెయిన్ సూట్‌లో సీటుకే అంటుకుని కూర్చున్నాడు. లేస్తే ఆమె చూస్తుందని వాడి భయం.

"దిగవేంరా? జిగురేమైనా పూశారా?"

"ఇక్కడే బాగుందక్కా. కెమెరా పట్టుకో, ఈ సూట్ మీద రెండో వీడియో చెప్పేస్తా. ఛాతీ వరకే తియ్యి."

"ఛాతీ వరకేనా? కింద ఏముందో?"

"అబ్బా, కాస్త తడిసిందిలే."

"కాస్తా? చంటిపిల్లాడి పక్కలా ఉంది! పోయిన నెల వీడియోలో చుక్క నీరు దిగదన్నావుగా, ఎక్కడ తడిసి చూశావు నాయనా?"

"ఇంట్లోనే. షవర్ కింద అరగంట నిలబడ్డా."

"నిలబడ్డావా! మహానుభావా, బైకు నిలబడి నడుపుతావా? కూర్చుంటే వానంతా ఎదురొచ్చి ఒళ్లో చెరువు కడుతుంది. ముందు కారేది అక్కడి కుట్టే!"

"కంపెనీ వాళ్లు ఊరికే ఇచ్చారక్కా. కారిందంటే మళ్లీ పంపరు."

"పంపకపోతే పొడిగా ఉంటావు. నీ మాట నమ్మి మా చెల్లి ఇదే కొనుక్కుంది. రేపు ఈ కనుమే దాటుతుంది. తడిసి వణికిపోతూ మలుపులో బ్రేకు పట్టలేకపోతే, దాని బదులు నువ్వు పడతావా?"

వాడి పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

"సరే, ఛాతీ వరకే తీస్తా. నవ్వు మరి, హీరో!"

వాడు దిగి, కాళ్లు ఎడంగా పెట్టి వెలుతురులో నిలబడ్డాడు.

"కిందనుంచి మొదలెట్టక్కా. ముందు చెల్లికే పంపు."