మేత గొట్టం అంచు

కిందటి నెల కోళ్ళకు మేత గొట్టం చేయించుకుపోయిన జయమణి, దాన్ని చంకన పెట్టుకుని జగ్గయ్యపేటలోని పైపుల కొట్టుకి మళ్ళీ వచ్చింది.

"ఏమైంది పిన్నిగారూ, గింజ అడ్డుపడుతోందా?" అడిగాడు కొట్టతను.

"లేదు బాబూ. కోళ్ళు తింటుంటే ఒక్క గింజ కూడా బయట నేల మీద పడట్లేదు."

"అందుకేగా అంచు అంత ఎత్తు పెట్టింది!"

"ఆ అంచు కాస్త కోసెయ్యి."

"కోస్తే మళ్ళీ సగం మేత నేలపాలేగా?"

"పడనియ్యి. ఇదివరకు ఆ గింజల కోసం పక్కింటి పరిమళ కోళ్ళు మా దొడ్లోకొచ్చేవి. వాటిని తోలుకుపోడానికి తనొచ్చి, కాసేపు మాట్లాడిపోయేది. ఇది పెట్టాక కోళ్ళూ రావట్లా, తనూ రావట్లా."

"మీరే వాళ్ళింటికి వెళ్ళొచ్చుగా?"

"పనేం లేకుండా ఏమని వెళ్ళను?"

అతను రంపం అందుకున్నాడు.

"కూర్చోండి. ఐదు నిమిషాల్లో అయిపోద్ది."

"తొందరేం లేదు బాబూ. నెమ్మదిగానే కొయ్యి."