పెట్టెలోని సన్నాయి

1987 ఎండాకాలం. సన్నాయి మొండయ్య పోయిన పదకొండో రోజున అతని భార్య ఎల్లక్క, పాలకుర్తిలో మైకుసెట్లు కిరాయికిచ్చే రాజేశం దుకాణానికి వచ్చింది.

"సేటూ, మా ఆయన సన్నాయి నీ కొత్త బాజాపెట్టెల ఉన్నదట గద. జర వినిపియ్యి."

"ఎవరు చెప్పిండ్రు?"

"ఆయనే. ఒక్కసారి ఊదితే పట్టుకున్నదట. మీట నొక్కితే అచ్చం ఆయన లెక్కనే ఊదుతదట."

రాజేశం ఆ పెట్టెను, బయటి చప్పుడు పట్టుకుని మీటల మీద పలికించే కొత్త కీబోర్డును, దించి మీట నొక్కాడు. పియానో మోగింది.

"గిది ఆయనది కాదు. ఇంకో మీట నొక్కు."

"ఏ మీటల లేదు ఎల్లక్కా. స్విచ్చి బందు చేస్తే, పట్టుకున్న సప్పుడు పోతదని నాకెరుక లేదు. సెల్లులు అయిపోతయని ఆ పొద్దే బందు చేసిన. తెల్లారి చూస్తే లేదు."

ఉత్తగా సెల్లు కాలనియ్యకపోవడం అతని ఇరవయ్యేళ్ల అలవాటు. ఇన్నాళ్లూ దానివల్ల లాభమే చూశాడు.

"మరి మళ్ల పిలువకపోతివి?"

"ఊళ్లెనే ఉన్నడు గద, ఎప్పుడన్న ఊదిపిచ్చుకోవచ్చనుకున్న."

ఎల్లక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మంచంల పడ్డంక ఒక్కసారి ఊదుమని బతిమాలిన సేటూ. 'నాకు దమ్ము లేదే, సేటు పెట్టెల భద్రంగున్నది, పోయి విను' అన్నడు."