మడమలో సీసం

తుపాకులు బాగుచేసే బాబాయి కొట్లో, ఆ అమ్మాయి రైఫిల్ని బల్ల మీద పెట్టి, తన చొక్కా భుజం పక్కకి లాగి చూపించింది.

"చూడు బాబాయ్, ఎలా కమిలిపోయిందో! ఈ తుపాకీ మడమలో సీసం పొయ్యి. బరువుంటే పేల్చినప్పుడు భుజాన్ని ఇంతలా తన్నదు."

"మీ నాన్న ఏళ్ళ తరబడి దీంతోనే కాల్చాడమ్మా. ఒక్కనాడూ అబ్బా అనలేదు."

"రోజూ ఇంట్లో అదే దెప్పుతున్నాడుగా. నువ్వు మరలు విప్పు."

"విప్పుతున్నా. కంగారు పెట్టకు."

"ఇదేంటి, లోపల తొర్ర ముందే ఉంది! ఎవరు తొలిచారు?"

"నేనే."

"ఎవరి కోసం?"

"ఇంకెవరి కోసం? మీ నాన్న కోసమే, భుజం నొప్పి తట్టుకోలేక అప్పట్లోనే సీసం పోయించుకున్నాడు. నీకిచ్చే ముందు సీసమంతా తీయించేశాడు. రెండు దెబ్బలు తగిలితే పిల్ల తనే మానేస్తుందిలే అన్నాడు."

"మానలేదుగా! ఆ సీసం ఏది?"

"అదిగో, ఆ డబ్బాలో. పోసెయ్యనా?"

"వద్దు. ఖాళీగానే బిగించు. డబ్బా ఇలా ఇవ్వు."

"ఏం చేస్తావే?"

"నాన్నని షూటింగ్ రేంజికి తీసుకెళ్ళి, దీంతో ఒక్క గుండు కాల్చమంటా. సాయంత్రానికి ఈ డబ్బా ఆయనే మోసుకొచ్చి, నా కూతురి తుపాకీలో పొయ్యరా అని నిన్ను అడుగుతాడు."