పూల్‌లో పాత నీళ్ళు

2016 వేసవి. కళింగపట్నంలో ఒక ఇంటి పెరట్లో చిన్న స్విమ్మింగ్ పూల్. ఆర్నెల్ల కిందట భర్తను పోగొట్టుకున్న ఆవిడ గట్టు మీద కూర్చుంది. హోటళ్ళలో పూల్ పనులు చూసే మరిది నీళ్ళు పరీక్ష చేస్తున్నాడు.

“వదినా, రోజుకెన్ని క్లోరిన్ బిళ్ళలు ఏసినావేటి?”

“రెండు. మీ అన్న ఒకటేసేవోడు. నీళ్ళు పాడైపోతాయని నేను రెండేసినాను. అయినా పచ్చబడిపోతన్నాయి.”

“క్లోరిన్ ఎండకి పోకుండా ఆ బిళ్ళలో స్టెబిలైజర్ కలుపుతారు. క్లోరిన్ అయిపోతాది గానీ అది నీళ్ళలోనే ఉండిపోతాది. ఎక్కువైతే క్లోరిన్‌ని పని సెయ్యనివ్వదు. సగం నీళ్ళు తోడేసి కొత్తవి పట్టాల.”

“వద్దు. ఇవి ఆయన నింపిన నీళ్ళు.”

“అలాగంటే ఎలా వదినా?”

“ఎదురుగా సముద్రం ఎట్టుకుని పెరట్లో గొయ్యి తవ్వినాడని ఊరంతా నవ్వింది, గుర్తుందా?”

“నేనూ నవ్వినాను.”

“మన ఆడోళ్ళు సముద్రంలో మోకాలు దాటి దిగరు కదా. నలభై ఏళ్ళొచ్చినాక నాకు ఈత నేర్పినాడు. పొట్ట కింద నీళ్ళలో సెయ్యి ఉంచి, ‘మునిగితే పట్టుకుంటాను, కాళ్ళు ఆడించవే’ అనేవోడు. ఇప్పుడా సెయ్యి లేదు. దిగడం మానేసినాను.”

“ఆ సెయ్యి ఎప్పుడో తీసేసినాడు. బయపడతావని నీకు సెప్పొద్దన్నాడు. సేతులు ఎనక్కి కట్టుకుని పక్కన నడుస్తా ‘పట్టుకుంటాను’ అని ఉత్తినే అనేవోడు. ఏడాదిపైనే నువ్వు ఒక్కదానివే ఈదినావు వదినా.”

“నిజంగానా?”

“అన్న మీద ఒట్టు.”

“ఎంత దొంగోడు! సరే, మోటారెయ్యి. కొత్త నీళ్ళు ఎప్పటికి నిండుతాయి?”